ముప్పై రెండో పేజీ

రబ్బరు మావయ్య ఆ పొద్దున మొట్టమొదట తుడిచింది ఎవరిదో బొటనవేలి ముద్ర. నూనె చేత్తో పేజీ తిప్పిన ఆ మహానుభావుడు ఎవరో గానీ, ముద్ర మాత్రం పోలీసులకు పనికొచ్చేంత స్పష్టంగా పడింది. తెర మీద దాన్ని పెద్దది చేసి, అంచుల నుంచి లోపలికి మెల్లగా చెరుపుకుంటూ వచ్చాడు. రెండు నిమిషాల్లో కాగితం మీద మనిషి జాడ లేదు. అక్షరాలు మాత్రం మిగిలాయి.

తర్వాతి పేజీ కోసం చెయ్యి చాపుతుండగా చొక్కా కుడి మణికట్టు దగ్గరి బొత్తం ఊడి కీబోర్డు మీద పడింది. వారం నుంచి దారానికి వేలాడుతూనే ఉంది. ఇవాళ కుడదాం, రేపు కుడదాం అనుకోవడమే తప్ప సూది పట్టింది లేదు. దాన్ని తీసి పెన్నులు పెట్టుకునే పళ్ళెంలో వేశాడు.

"సాయంత్రం కుట్టుకోవాలి," అన్నాడు పైకే.

ఎవరైనా పలకాలని ఆయన అనలేదు. ఇంట్లో మాట్లాడే మనిషి లేనివాళ్ళకు తమతో తాము మాట్లాడుకోవడం అలవాటైపోతుంది. ఆ గదిలో పనిచేసే నలుగురూ దానికి ఎప్పుడో అలవాటు పడ్డారు.

ఆ మేడలో జరిగే పని చెప్పుకోవడానికి చాలా గొప్పది. పక్క హాల్లో ఆడవాళ్ళు పాత పుస్తకాల వీపులు కోసి, విడి కాగితాలు మిషన్‌కి అందిస్తారు. మిషన్ ఫోటోలు తీస్తుంది. ఈ గదిలో ఆ ఫోటోల మీది మరకలు తుడుస్తారు. పై అంతస్తులో ఎవరో వాటిని వరసగా పేర్చి లోకానికి వదులుతారు. ఇక ఫోన్ చేతిలో ఉన్న ప్రతి మనిషీ చందా లేకుండా, కార్డు లేకుండా, ఎవరినీ అడక్కుండా చదువుకోవచ్చు. 'అందరి గ్రంథాలయం, తలుపులు లేని గ్రంథాలయం' అని గుమ్మం మీద పెద్ద అక్షరాలతో రాయించారు. ఆ గుమ్మానికున్న తలుపు మాత్రం వానాకాలంలో పట్టేసుకుంటుంది. భుజం పెట్టి తోస్తే గానీ రాదు. పేజీలందించే ఆడవాళ్ళు రోజూ పొద్దున ఆ జోకు మీద ఒకసారి నవ్వుకుని లోపలికి వస్తారు.

తుడిచేవాళ్ళలో ఈయనే పెద్ద, ఈయనే పాత. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఒక ఫోటో స్టూడియోలో చేశాడు. సన్నటి కుంచెతో పెళ్ళికూతుళ్ళ మొటిమలు, పెద్దమనుషుల గాట్లు చెరిపేవాడు. స్టూడియో మూతపడ్డాక ఇక్కడికొచ్చాడు. మొహాల బదులు పేజీలు, కుంచె బదులు మౌస్. రబ్బరు మావయ్య అన్న పేరు వచ్చింది ఇక్కడే. ఎవరు పెట్టారో తెలియదు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఇంకా గట్టిగా పిలిచేవాళ్ళు గదా!

గోడ మీద ఒక బోర్డు ఉంది. తప్పు లేకుండా తుడిచినవాళ్ళ పేర్లు దాని మీద రాస్తారు. నెల నెలా పేర్లు మారతాయి. పై వరసలో ఒక్క పేరు మాత్రం ఈయన వచ్చిన ఏడాది నుంచీ మారలేదు. ఆయన దాని వైపు చూడనట్టే నడుస్తాడు. రోజూ చూస్తాడు.

నిన్న మధ్యాహ్నం దాకా ఆయనకు ఏ గొడవా లేదు. వచ్చాడా, తుడిచాడా, వెళ్ళాడా, అంతే. అట్టల ఫోటోలు ఈ గదికి రావు, వేరే గదికి పోతాయి. నిన్న పొరపాటున ఒక వెనకట్ట ఆయన తెర మీదికి వచ్చింది. దాని మూల గుండ్రటి ముద్ర, ముద్ర మధ్యలో లాంతరు బొమ్మ. తుడవబోయి చెయ్యి ఆపేశాడు.

లాంతరు కొట్టు!

చిన్నప్పుడు వాళ్ళ వీధి చివర ఉండేది ఆ అద్దె పుస్తకాల కొట్టు. వాళ్ళమ్మ ఇంట్లో కూర్చుని దుస్తుల దుకాణానికి చొక్కాల బొత్తాలు కుట్టేది. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా సూది, దారం. ఆ తర్వాత రోజుకొక నవల. చదవకపోతే నిద్రపట్టేది కాదు ఆవిడకు. ఆయన బడి నుంచి రాగానే పాత పుస్తకం ఇచ్చి కొత్తది తెచ్చేవాడు.

ఆ కొట్టుకొచ్చే వాళ్ళందరిదీ ఒక పద్ధతి. ఏడాదికి వందల నవలలు నమిలేసే వాళ్ళకు ఏది చదివారో ఏది చదవలేదో పేరు చూస్తే గుర్తుండదు. అట్ట మీద ఎప్పుడూ ఒక ఆడమనిషి బాధగా చూస్తూ ఉంటుంది, ఏ పుస్తకమైనా అంతే. అందుకని చదివేశాక ముప్పై రెండో పేజీ అడుగున ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఒకరిది చేప, ఒకరిది చుక్క, ఒకాయనది మీసం. ముప్పై రెండే ఎందుకంటే కొట్టాయన ఆ ఒక్క పేజీకే ఒప్పుకున్నాడు. ఇంకెక్కడ గీసినా మీదపడి అరిచేవాడు. అమ్మ గుర్తు బొత్తం. చిన్న సున్నా, లోపల రెండు చుక్కలు.

"ముప్పై రెండు చూసి తీసుకో నాన్నా. నా బొత్తం ఉంటే వద్దు," అని రోజూ గుమ్మం దాకా వచ్చి చెప్పేది.

అమ్మ పోయి నలభై ఏళ్ళు దాటింది. పెళ్ళీ పెటాకులూ లేకుండా అద్దె గదులు మారుతూ వచ్చినవాడి దగ్గర ఏం మిగులుతుంది? ఆవిడ సూదిపెట్టె ఒక గదిలో పోయింది, దుప్పటి ఇంకో గదిలో. ఫోటో అంటే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఊరందరి మొహాలకూ మెరుగులు దిద్దిన కొడుకు దగ్గర తల్లి ఫోటో ఒక్కటీ లేదు. ఈమధ్య మొహం కూడా సరిగా గుర్తు రావడం లేదు. అది ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏడుస్తానని భయం.

నిన్న లాంతరు చూడగానే పక్క హాల్లోని ఆడవాళ్ళను కేకేసి అడిగాడు. కొట్టు మూసేశాక మిగిలిన పుస్తకాలు మూటకట్టి గ్రంథాలయానికి ఇచ్చేశారట, రెండు నెలలుగా ఈ గదిలో తుడుస్తున్నవి అవేనట! అంటే ముప్పై రెండో పేజీలు చాలావరకు ఆయన చేతి కిందనుంచే పోయాయి. పేజీ నంబరు ఆయన ఏనాడూ చూడడు. అది అచ్చులో ఉన్నదే, మరక కాదు. అడుగున గీతలు కనిపిస్తే 'ఈ చదివేవాళ్ళకు బొత్తిగా బుద్ధి లేదు' అని తిట్టుకుంటూ ఒక్క ఊపులో తుడిచేశాడు. చేపల్ని, చుక్కల్ని, మీసాల్ని. వాటిలో అమ్మ ఉందో లేదో.

రాత్రి అన్నం సహించలేదు.

ఇవాళే ఆఖరు రోజు. సాయంత్రం ఆ పుస్తకాల కాగితాలు మిల్లుకు పోతాయి. తుడవకముందు తీసిన అసలు ఫోటోలు, పై అంతస్తులో కూర్చుని వీళ్ళ పని చూసుకునే సెక్షన్ అమ్మాయి దగ్గర ఉన్నాయి గానీ, సాయంత్రం పని ముగించగానే వాటినీ చెరిపేస్తుంది. అమ్మ గుర్తు ఆలోగా ఎక్కడైనా దొరికితే దొరికినట్టు. లేకపోతే లేదు.

భోజనాల గంట కొట్టగానే ఆయన డబ్బా విప్పలేదు. గోడౌన్‌కి దిగాడు.

గోడౌన్ చూసుకునే ముసలాయనకూ ఈయనకూ వరస లేదు గానీ ఒకర్నొకరు బావా అనుకుంటారు. పెళ్ళికాని బ్రహ్మచారివి, పిల్లనిచ్చేవాడు లేడు, కనీసం బావ అనైనా అనిపించుకో అని ఆయన మొదలుపెట్టాడు.

"ఏంటి బావా, దారి తప్పావా?"

"లాంతరు కొట్టు కట్టలు ఏవి?"

"అదిగో, ఆ గోడంతా అవే. నాలుగింటికి లారీ. ఏం కావాలి?"

రబ్బరు మావయ్య చెప్పాడు. రెండు ముక్కల్లో చెప్పాలనుకున్నాడు, కుదరలేదు. చేప, మీసం, బొత్తం అన్నీ చెప్పాల్సి వచ్చింది. ముసలాయన నవ్వుతాడనుకున్నాడు. నవ్వలేదు. నోట్లో అన్నం ముద్ద మింగి, చెయ్యి కడుక్కుని వచ్చి పై వరస కట్టలు దించడం మొదలుపెట్టాడు.

ఒక్కో పుస్తకానికి ఒక్కో తాడు. తాడు లాగు, ముప్పై రెండు తియ్యి, చూడు, కట్టు. కాగితాలు ముట్టుకుంటే పొడి రాలుతోంది. చేప కనబడింది. మీసం చాలాసార్లు కనబడింది. ఎవరో గానీ ఆ మీసాలాయన కొట్టంతా చదివేసినట్టున్నాడు. అమ్మ బొత్తాలు కూడా ఉండాలి గదా, రోజుకొకటి చదివేది గదా! కానీ ఆవిడ చదివిన కాలం నాటివి చాలావరకు చివికిపోయాయని, చదవడానికి వీలైనవి మాత్రమే ఇక్కడికి పంపారని ముసలాయన చెప్పాడు. భోజనాలు అయిపోయినట్టు గంట మళ్ళీ కొట్టింది. పైకి పోలేదు. ఆయన సీటు పని గంటల్లో ఖాళీగా ఉండటం అదే మొదటిసారి.

"పోనీలే బావా," అన్నాడు ముసలాయన చివరికి. "లేదనుకో."

"ఆ కింద ఉన్నదేంటి?"

"అది తడిసిన సరుకు."

తాడు విప్పితే కాగితాలు అలలు అలలుగా ఉబ్బి ఉన్నాయి. రబ్బరు మావయ్య చేతులు ఆ కాగితాన్ని గుర్తుపట్టాయి. నెలకిందట ఈ పుస్తకం ఫోటోల మీది నీటిమరకలు తుడవలేక చిన్నవాళ్ళు వదిలేస్తే తనే రెండు రోజులు కూర్చుని శుభ్రం చేశాడు. సెక్షన్ అమ్మాయి చప్పట్లు కొట్టింది కూడా. కానీ చేతులు గుర్తుపట్టింది అది కాదు. అంతకుముందుది.

చిన్నప్పుడు ఒక సాయంత్రం వాన. కొట్టాయన తలుపులు వేసేస్తున్నాడు. తడిసి ముద్దైన తను ఏదో ఒకటి లాక్కుని, చొక్కా లోపల దోపుకుని పరుగెత్తాడు. ముప్పై రెండు చూడలేదు. "చూశావా నాన్నా?" అని అమ్మ అడిగితే, "చూశా, నీ బొత్తం లేదు," అనేశాడు. పుస్తకం సగం తడిసింది. అమ్మ దాన్ని పొయ్యి దగ్గర ఆరబెట్టి చదివింది. మర్నాడు కొట్టాయన చేత చీవాట్లు కూడా ఆవిడే తింది. "బాగుందా?" అని తను అడిగాడు. "చాలా బాగుంది రా," అంది.

ముప్పై రెండో పేజీ తీశాడు.

అడుగున ఒక బొత్తం ఉంది. దాని నీలం సిరా నీళ్ళకు చెదిరి, చుట్టూ మబ్బులా అలుముకుంది. వాన కంటే ముందు పెట్టిందన్నమాట. దాని పక్కనే ఇంకో బొత్తం. సూదితో కుట్టినంత పదునుగా ఉంది, ఎక్కడా చెదరలేదు. ఆరిన కాగితం మీద పెట్టింది.

అమ్మ ఆ పుస్తకం అంతకుముందే చదివేసింది. చదివిన పుస్తకాన్నే తెచ్చి పిల్లవాడు చూశానని అబద్ధమాడితే, ఆ మాట అనకుండా, వానలో మళ్ళీ పంపకుండా, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మళ్ళీ చదివింది. చదివింది గనక మళ్ళీ గుర్తు పెట్టుకుంది.

"బావా," అన్నాడు. కట్టల మీద అలాగే కూర్చుండిపోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. ముసలాయన గుమ్మం దగ్గరికి పోయి లారీ కోసం చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

కాసేపటికి వచ్చి, "ఆ ఒక్క కాగితం జేబులో పెట్టుకుని పో. నేను చూడలేదు," అన్నాడు.

రబ్బరు మావయ్య కాగితం ఎత్తాడు. ఎత్తిన చోటే మూల విరిగి పొడై ఒళ్ళో రాలింది. మళ్ళీ జాగ్రత్తగా కింద పెట్టేశాడు.

"వద్దు బావా. ఇది నా ట్రంకుపెట్టెలో ఎన్నాళ్ళుంటుంది? నా తర్వాత ఎవరు చూస్తారు? గది ఊడ్చేవాళ్ళు చెత్తలో పోస్తారు. పైనుంటే ఉంటుంది."

"పైన ఎక్కడ?"

"తలుపుల్లేని దాంట్లో."

సెక్షన్ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని చెరపాల్సిన వాటి జాబితా చూసుకుంటోంది. వయసులో ఆయన కూతురి ఈడు ఉంటుంది, కూతురంటూ ఉంటే.

"మావయ్యా, ఎక్కడికెళ్ళారు? ఒంట్లో బాగానే ఉందా? కళ్ళేంటి అలా ఉన్నాయి?"

"దుమ్మమ్మా. నాదొక తప్పు దొరికింది. నీటిమరకల పుస్తకం, ముప్పై రెండో పేజీ. అసలు ఫోటో మళ్ళీ పెట్టాలి."

"మీ తప్పా?" ఆ అమ్మాయి నవ్వేసింది. రెండు ఫోటోలూ పక్కపక్కన తెరిచింది. ఒక దాంట్లో మబ్బు, రెండు బొత్తాలు. రెండో దాంట్లో మంచులాంటి తెలుపు. "ఎంత బాగా తుడిచారు! మరక మళ్ళీ పెట్టమంటారేంటి?"

"కింది వరస చూడు. మబ్బు తీసేటప్పుడు చివరి మాట తోక కూడా తీసేశాను."

నిజమే. ఒక అక్షరం కింది కొస లేదు. రబ్బరు మావయ్య పై అంతస్తు మెట్లెక్కుతూ, చేతిలోని చిన్న ఫోన్‌లో మొదటిసారి ఆ గ్రంథాలయం తెరిచి, దాన్ని చూసుకుని వచ్చాడు. అంత కష్టంలోనూ ఆ తప్పు చూసి ఆయనకు నిజంగానే సిగ్గేసింది.

"దానిదేముంది, ఆ ముక్క ఒక్కటీ అతికించేస్తా. పేజీ మొత్తం ఎందుకు?"

ఆయన నిలబడే ఉన్నాడు. చొక్కా మణికట్టు దగ్గర తెరుచుకుని వేలాడుతోంది.

"ఆ బొత్తాలు మా అమ్మవి," అన్నాడు. "రెండూ."

ఆ అమ్మాయి అడిగింది. ఆయన చెప్పాడు. ఈసారి తక్కువ మాటల్లోనే వచ్చింది. విన్నాక ఆ అమ్మాయి తెర మీద బొత్తాలను పెద్దవి చేసి చూసింది.

"మరక ఉంచితే నాకు మాటొస్తుంది మావయ్యా. తప్పు కింద రాస్తేనే అసలు ఫోటో పెట్టనిస్తారు. రాస్తే బోర్డు మీంచి మీ పేరు తీసెయ్యాలి. ఇన్నేళ్ళది."

"తీసెయ్యమ్మా."

"మళ్ళీ ఆలోచించుకోండి."

"నేను తుడిచింది మా అమ్మని. ఆ బోర్డెందుకు నాకు?"

ఆ అమ్మాయి తప్పు ఆయన పేరు మీద రాసింది. ముప్పై రెండో పేజీకి అసలు ఫోటో పెట్టి ఆ పుస్తకాన్ని ఆయన కంప్యూటర్‌కి పంపింది. ఒకసారి చివరిదాకా చూసుకుని తిరిగి పంపిస్తే తను సరే అని నొక్కి వదులుతానంది. బయట లారీ హారన్ మోగింది.

ఆయన సీట్లో కూర్చుని పుస్తకం తెరిచాడు. ముప్పై రెండు కాదు, ఒకటో పేజీ. చదవడం మొదలుపెట్టాడు.

ఆయన బతుకులో ఒక్క నవలైనా మొత్తం చదవలేదు. మోసుకొచ్చినవి ఎన్నో, తుడిచినవి ఎన్నో, చదివింది మాత్రం లేదు. చిన్నప్పుడు అమ్మ చదువుతుంటే ఒళ్ళో తలపెట్టుకుని నిద్రపోయేవాడు. ఇప్పుడు ఒక్కో వాక్యం పట్టుకుని చదువుతుంటే కథ పెద్ద గొప్పగా ఏం లేదు. ఒక నర్సు, ఒక కోపిష్టి డాక్టరు, దొరకని ఉంగరం. ఉంగరం ఎక్కడుందో మూడో అధ్యాయంలోనే ఆయనకు తెలిసిపోయింది. ఇంత నాసిరకం నవలని రెండుసార్లు చదివిందా అమ్మ! నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళజోడు మసకబారింది.

"ఏంటి మావయ్యా, ఇవాళ తుడవడం లేదా?" పక్క సీటు కుర్రాడు వెళ్తూ అడిగాడు.

"చదువుతున్నా."

అందరూ వెళ్ళారు. ఉంగరం దొరికింది. డాక్టరుకు బుద్ధి వచ్చింది. చివరి పేజీ అయ్యాక ఆయన మళ్ళీ ముప్పై రెండుకి వచ్చాడు. మౌస్ పట్టుకుని, తెరకు బాగా దగ్గరగా వంగి కొంతసేపు కూర్చున్నాడు. తర్వాత పుస్తకాన్ని సెక్షన్ అమ్మాయికి పంపేసి, డబ్బా తీసుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి బోర్డు చూశాడు. పై వరస ఖాళీగా ఉంది. భుజం పెట్టి తలుపు తోశాడు.

బస్సులో సీటు దొరికింది. ఇంటి మెట్ల దగ్గర కింది వాటా ఆవిడ, "అన్నయ్యగారూ, ఇవాళ హుషారుగా ఉన్నారే," అంది. "ఒక నవల చదివానమ్మా," అన్నాడు. "ఏంటి కథ?" అని ఆవిడ అడిగింది. మెట్టు మీద నిలబడి నర్సు దగ్గర్నుంచి ఉంగరం దాకా మొత్తం చెప్పాడు. ఆవిడ పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పోతే పోయాయిలే అని పూర్తిగా విన్నదట. తర్వాత అందరికీ చెప్పి బాధపడింది. అన్నం తిన్నాడు, గిన్నె కడిగి బోర్లించాడు, పడుకున్నాడు. తెల్లారి కుళాయి నీళ్ళు వచ్చినా బిందె పట్టుకుని కిందికి రాలేదు. నిద్రలోనే పోయాడని డాక్టరు చెప్పాడు. గోడౌన్ ముసలాయన బావగా నిలబడి జరగాల్సినవి జరిపించాడు.

నాలుగు రోజుల తర్వాత సెక్షన్ అమ్మాయి ఆగిపోయిన పనులు చూస్తూ ఆ పుస్తకం తెరిచింది. ముప్పై రెండో పేజీలో మబ్బు ఉంది. రెండు బొత్తాలున్నాయి. వాటి పక్కన మూడోది ఉంది.

చెరపకుండా దాచి ఉంచిన అసలు ఫోటోతో పోల్చి చూసింది. అందులో మూడోది లేదు. మౌస్ పట్టి గీసిన సున్నా, ఒక పక్క కాస్త సొట్టపోయింది. లోపల రెండు కాదు, నాలుగు చుక్కలు. చదివేశాక పెట్టిన గుర్తు.

తెర మీద మరకలు చెరిపే రబ్బరు బొమ్మ దాకా ఆ అమ్మాయి మౌస్ పోయి ఆగింది. లేచి ఆయన సీటు దగ్గరికి వెళ్ళి నిలబడింది. వెనక్కి వచ్చి కూర్చుని, కళ్ళు తుడుచుకుని, సరే అని నొక్కింది. పుస్తకం అందరికోసం వెళ్ళిపోయింది.

ఆయన సీట్లో పెన్నుల పళ్ళెంలో చొక్కా బొత్తం అలాగే ఉంది, నాలుగు చిల్లుల్లో తెగిన దారం ముక్కతో.